పదేళ్ల కూటికి ఒక పెట్టె

మా బావ తాళాలు తీసేవాడు. దొంగ కాదు, ఆ పనికి డబ్బు తీసుకునేవాడు. దొంగలూ తీసుకుంటారు కదా బావా అని నేనంటే, "వాళ్లు రసీదు ఇవ్వరు మరదలా" అనేవాడు.

బీరువా తాళంచెవి పోయినా, దుకాణంలో గల్లాపెట్టె బిగుసుకుపోయినా, బ్యాంకులో లాకరు గది తలుపు మొరాయించినా ఆయన్నే పిలిచేవారు. సన్నటి ఉక్కు కడ్డీ లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని, తాళం లోపలి పళ్లు ఒక్కొక్కటే లేస్తుంటే వేళ్లతో వినేవాడు. వేళ్లతో వినడం ఏమిటని నన్నడగకండి. ఆయన అలాగే చెప్పేవాడు.

ఆ వేళ్లే చెడ్డాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. ఒకరోజు కొట్టులో ఆకురాయి అరచేతిని కోసుకుపోతే, నేల మీద రక్తం చూసి "ఎవరికి తగిలింది?" అని అడిగాడట. డాక్టరు చేయి అటూ ఇటూ తిప్పి చూసి, పని మానేస్తే ఈ చేయి ఇలాగైనా నిలుస్తుంది, మానకపోతే రెండేళ్లలో గ్లాసు పట్టుకోవడానికి కూడా పనికిరాదని చెప్పాడు. బావకు అప్పటికి యాభై నిండాయి.

అక్క ఆ రోజే లెక్క తేల్చింది. అరవై నిండాక నెలనెలా పింఛను వచ్చే ఏర్పాటు ఎప్పుడో చేసుకున్నారు. పిల్లలు లేరు. ఇల్లు సొంతం. మా ఆయన పోయాక నేను వాళ్ల మేడ మీద గదిలోనే ఉంటున్నాను గానీ, అక్కా నేనూ కలిసి బడిపిల్లల బట్టలు కుడతాం కాబట్టి నా తిండి నేను తింటున్నాను. కాబట్టి యాభై నుంచి అరవై దాకా పదేళ్లు దాటిస్తే చాలు. బజారులో బావ కొట్టు గదిని పక్కనున్న కళ్లద్దాల షాపాయన కొంటానని ఏనాటి నుంచో వెంటపడుతున్నాడు. ఆ సొమ్ము, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఖర్చు చేస్తే, సరిగ్గా పదేళ్లకు వస్తుంది.

"ఇచ్చేద్దాం," అన్నాడు బావ. "కానీ డబ్బు ఎక్కడ పెడదాం?"

"ఎక్కడో అక్కడ పెడదాం. ముందు మీరు పని మానండి."

"ఎక్కడో అక్కడ పెట్టినవాళ్లే నన్ను పిలుస్తారే. డబ్బుకు చోటు దొరికిన రోజు సంతకం పెడతా. అప్పటిదాకా కొట్టు తెరిచే ఉంటుంది."

అలా మా బావ చేయి నిలవడమా, పోవడమా అన్నది డబ్బుకు చోటు దొరకడం మీద ఆధారపడింది.

ముందు బ్యాంకుకు వెళ్లాం. అక్క తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. అక్కడి ఆఫీసరమ్మ చిన్నపిల్ల, నవ్వుమొహం. కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. ఏడాది ఖర్చుకు సరిపడా మామూలు ఖాతాలో చేతికందేలా ఉంచుకోండి, మిగతాది ముక్కలు చేసి డిపాజిట్లు వేయండి, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, ఒకటి మూడేళ్లకు, అలా ఏటా ఒకటి గడువు తీరి చేతికొస్తుంది, ఈలోగా వడ్డీ పెరుగుతుంది అంది.

బావ అంతా విని, "గది చూపించండి" అన్నాడు.

"ఏ గది సార్?"

"మా డబ్బు పెట్టే గది."

"అలా విడిగా మీ డబ్బని ఉండదు సార్. అప్పుల కింద ఇస్తాం, పై ఆఫీసుకు వెళ్తుంది. తిరుగుతూ ఉంటుంది."

"అంటే ఇక్కడ ఉండదు."

"ఉన్నట్టే సార్. కంప్యూటర్లో ఉంటుంది."

"కంప్యూటరుకు తాళం ఎక్కడ?"

ఆఫీసరమ్మ నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

"పోయిన వానాకాలం మీ లాకరు గది తలుపు ఉబ్బిపోతే తీసింది నేనే," అన్నాడు బావ. "మీ వాళ్లు ఇచ్చిన టీ చల్లారేలోపు తీశాను. మా డబ్బు కనీసం ఆ తలుపు వెనకైనా పెట్టరా?"

రోడ్డు మీదికి వచ్చాక కూడా ఆయన కోపం దిగలేదు. "ఉన్నట్టే అంటుంది! ఉండటం వేరు, ఉన్నట్టే ఉండటం వేరు. నేను వాళ్ల తలుపుకు వంకపెడదామని వెళ్తే, అసలు తలుపే లేదంటారేంటి?"

"ఆ పిల్ల ఎంత బాగా చెప్పిందండీ," అంది అక్క. "మనం బడిపిల్లల గౌనుకు అంచు లోపల మడతలు పెట్టి కుడతామా లేదా? పిల్ల ఎదుగుతుంటే ఏడాదికొక మడత విప్పుకుంటారు. అదే ఇది."

"మడతకు దారం చాలు. డబ్బుకు గడియ ఉండాలి."

డబ్బంటే గడియ వెనక ఉండే వస్తువు అని మా బావ నమ్మకం. ముప్పై ఏళ్లు గడియలతోనే బతికిన మనిషికి ఇంకో రకంగా ఆలోచించమంటే ఎలా వస్తుంది? చేపల్ని అడిగితే దొంగలంతా గాలాలతోనే వస్తారంటాయి.

"పోనీ ఇంట్లోనే పెడదాం," అంది అక్క మరో రోజు. "బియ్యం డబ్బాలో."

బావ ఎంత నవ్వాడంటే నేను మేడ మీంచి దిగి వచ్చాను.

"మరదలా, విను. తాళంచెవి పోయిందని పిలుస్తారు. నేను వెళ్లి బీరువా ముందు కూర్చుని సామాన్లు తీస్తాను. అప్పుడు ఇంటావిడ కళ్లు ఎక్కడికి పోతాయనుకున్నావ్? బీరువా మీదికి కాదు. బియ్యం డబ్బా మీదికి. లేదా అటక మీది పాత దిండు మీదికి. లేదా గోడ గడియారం వెనక్కి. పరాయివాడు ఇంట్లోకి వచ్చాడు కదా, చూడకుండా ఉండలేరు పాపం. బీరువా తెరవకముందే అసలు డబ్బు ఎక్కడుందో నాకు తెలిసిపోతుంది. లోకంలో దాచే చోట్లు చాలా తక్కువ. దాచేవాళ్లే ఎక్కువ."

"నువ్వు దొంగవైనా బాగుండేది బావా," అన్నాను. "ముప్పై ఏళ్లకే పని మానేసి హాయిగా కూర్చునేవాడివి."

"కూర్చుని? ఆ డబ్బు మాత్రం ఎక్కడ పెట్టేవాణ్ణి?"

బంగారం కొందామంటే, కొనేటప్పుడు కంసాలి మజూరీ అంటాడు, అమ్మేటప్పుడు తరుగంటాడు, మధ్యలో మనం కాపలా కాయాలి అన్నాడు బావ. కళ్లద్దాల షాపాయన తన వంతు సాయంగా, డబ్బు తన దగ్గరే ఉంచితే నెలనెలా కొంత ఇస్తానన్నాడు.

"నీ గల్లాపెట్టె తాళం బిగించింది నేనే తమ్ముడూ," అన్నాడు బావ. "దానికి మేకు చాలు."

"మేకుతో వచ్చేదాన్ని ఎందుకు బిగించావన్నా?"

"నువ్విచ్చిన డబ్బుకు అదే వస్తుంది."

షాపాయన మొహం ముడుచుకుని, ఎండాకాలం వెళ్లేలోపు సంతకం పెట్టకపోతే తానిచ్చిన బయానా తిరిగి ఇచ్చెయ్యమని, ఎదురు వీధిలో ఇంకో గది చూసుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు. ఈలోగా తాళాలు పోగొట్టుకునేవాళ్లు పోగొట్టుకుంటూనే ఉన్నారు. బావ వెళ్తూనే ఉన్నాడు. సాయంత్రం వచ్చి కుడిచేతిని చంకలో పెట్టుకుని కూర్చునేవాడు. నొప్పి లేదనేవాడు. నిజమే, నొప్పి ఉంటే బాగుండేదని డాక్టరే అన్నాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు బావ మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

"దొరికింది," అన్నాడు. "నేను తీయలేని పెట్టె నేనే చేస్తాను."

అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. "చేయి?"

"ఇదొక్కటే. ఇదే ఆఖరి పని."

చేతికి విశ్రాంతి ఇవ్వడం కోసం ఆ చేత్తోనే అంత చాకిరీ చేసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. రెండు పొరల ఉక్కు రేకులు, మధ్యలో కాంక్రీటు. బయట చేస్తే గుమ్మం పట్టదని ముందుగదిలోనే మొదలుపెట్టాడు. కుర్చీలు వరండాలోకి వెళ్లాయి. కుట్టుమిషన్లు మేడెక్కాయి. నిప్పురవ్వలు పడి మా దగ్గరికి వచ్చిన గౌన్ల గుడ్డకు చిల్లులు పడితే, ఆ చిల్లుల మీద జేబులు కుట్టాం. ఆ ఏడు ఆ బడిపిల్లలందరికీ ఒక జేబు ఎక్కువ వచ్చింది.

పెట్టె మంచమంత వెడల్పు తేలింది. దానికి రెండు తాళాలు, ఒకటి ఎడమ కొసన, ఒకటి కుడి కొసన. రెండూ ఒకేసారి తిప్పితేనే గడియలు జారతాయి. ఒక్కడు ఎంత చేతులు చాపినా రెండూ అందవు.

"అదీ కిటుకు," అన్నాడు బావ. "దొంగ అనేవాడు ఒంటరివాడు మరదలా. ఇంకో మనిషిని నమ్మగలిగినవాడైతే వాడికి దొంగతనం ఎందుకు? ఒక తాళంచెవి నా మెడలో, ఒకటి మీ అక్క మెడలో."

అయిపోయాక తానే దాని ముందు కూర్చుని, ఎదుటి కొసన నన్ను కూర్చోబెట్టి, నా చేతికో కడ్డీ ఇచ్చి, ఎలా తిప్పాలో చెబుతూ మూడు రోజులు తంటాలు పడ్డాడు. మూడో రోజు మధ్యాహ్నం కడ్డీ కింద పడేసి, "నావల్ల కాలేదు!" అని కేకపెట్టి అక్కను పిలిచాడు. పరీక్ష తప్పి సంబరం చేసుకున్నవాడు లోకంలో మా బావ ఒక్కడే.

మర్నాడే సంతకం పెట్టాడు. కళ్లద్దాల షాపాయన బ్యాంకులోంచి డబ్బు తీసి రెండు గుడ్డసంచుల్లో తెచ్చాడు, కట్టల చుట్టూ బ్యాంకువాళ్ల కాగితం పట్టీలు అలాగే ఉన్నాయి. పెట్టెలో నాలుగు అరలుంటే, డబ్బు మొదటి అరకే సరిపోయింది.

"మిగతా మూడూ ఎందుకండీ?" అంది అక్క.

"గాలాడటానికి."

ఆ అరలకు గాలాడింది నెల రోజులే. వీధిలో పాలు పోసే ఆవిడ మొదట వచ్చింది. ఆమె కొడుకు చేతివాటం వీధంతటికీ తెలుసు. చిన్న డబ్బా కొంగు కింద పెట్టుకుని, "అన్నయ్యా, నీ పెట్టెలో ఓ మూల" అంది. చెల్లెలు నోరు తెరిచి అడిగాక కాదనడం ఎలా? తర్వాత చివరింటి ట్యూషన్ మాస్టారు కవరొకటి తెచ్చాడు. బ్యాంకుకు వెళ్తే లైను, మీ ఇల్లయితే నాలుగడుగులు అన్నాడు. ఆ తర్వాత ఇక ఎవరూ కారణాలు చెప్పలేదు. సామాను తెచ్చి అరుగు మీద కూర్చునేవారు.

బావకు ఒళ్లు తెలియలేదు. ఇత్తడి బిళ్లలు కోసి, ఒక్కొక్కదాని మీద ఒక్కో గుర్తు కొట్టి, పెట్టినవాళ్లకు ఒకటి ఇచ్చి, సామాను మీద ఒకటి కట్టేవాడు. "బ్యాంకులో మీ డబ్బు చూపించమంటే చూపిస్తారా? నేను చూపిస్తాను" అనేవాడు. చూపించేవాడు కూడా. చూడాలనిపించిన ప్రతివాళ్లూ వచ్చి చూసుకునేవాళ్లు. కూరల కోసం కాస్త డబ్బు తీసుకుని, బజారు నుంచి తిరిగొస్తూ మిగిలిన చిల్లర మళ్లీ పెట్టుకునేవాళ్లు కూడా తయారయ్యారు. వచ్చినప్పుడల్లా ఎడమ కొసన అక్క, కుడి కొసన బావ. కొట్టులో ఉన్నప్పుడు రోజుకు రెండో మూడో తాళాలు తీసేవాడు. ఇప్పుడు ఒకే తాళం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీస్తున్నాడు. కొట్టులో అయితే డబ్బులైనా వచ్చేవి.

"కొంత తీసుకో పోనీ," అన్నాను ఒకరోజు.

"వీధివాళ్ల దగ్గరా? తప్పు మరదలా. నేను పని మానేసినవాణ్ణి."

మా మేనత్తకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. రెండు రోజుల ప్రయాణం. అక్క సంచి సర్దుకుంటుంటే బావ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వెళ్తే ఎడమ తాళంచెవి ఎవరు తిప్పుతారు?"

"మీరూ రండి. ఇద్దరం వెళ్దాం."

"ఇద్దరం వెళ్తే పెట్టె దగ్గర ఎవరుంటారు? జనం సొమ్ము కదే."

అక్క సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. "ఇద్దరం కలిసి వెళ్లలేం, ఒక్కళ్లం వెళ్లలేం. పదేళ్లు కొనుక్కుని, తీసుకొచ్చి పెట్టె కాపలాకు పెట్టారు. బాగుంది," అంది.

"నెమ్మదిగా అలవాటైపోతుందిలే."

మేనత్తను చూడటానికి నేనొక్కదాన్నే వెళ్లొచ్చాను. తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నేను లేని రోజున మాస్టారి కవరు కోసం పెట్టె తీసి మళ్లీ మూస్తుంటే, బావ బొటనవేలు తలుపు సందులో పడింది. ఆయనకు తెలియలేదు. గడియ పడటం లేదేంటని ఇంకా గట్టిగా నొక్కాడట. అక్క చూసి కేకపెడితే అప్పుడు చూసుకున్నాడు. గోరు ఊడిపోయింది. డాక్టరు కట్టుకట్టి, రోజూ పొద్దున వేణ్నీళ్లలో అరగంటసేపు చేయి నానబెట్టమని చెప్పి, ఈసారి బావతో కాకుండా అక్కతో మాట్లాడాడు.

"ఈ ఏడాదే అన్నాడు," అంది అక్క నాతో, మేడ మీద మిషన్ ముందు కూర్చుని. "ఇలాగే ఉంటే చేయి పోయేది ఈ ఏడాదే. రెండేళ్లు కూడా కాదట."

కన్నీళ్లు పెట్టుకుంటుందేమోనని చూశాను. పెట్టుకోలేదు. సూదిలో దారం ఎక్కించింది.

"చెల్లీ, ఆయన స్నానానికి వెళ్లేటప్పుడు మెడలో తాళంచెవి ఏం చేస్తారో చూశావా?"

"తీసి గూట్లో పెడతాడు. ఉక్కుకు తడి తగలకూడదని."

"ఆ. రేపు పొద్దున నువ్వు కుడివైపు నిలబడాలి."

మర్నాడు బావ స్నానాలగదిలో తలుపేసుకుని, చేయి బకెట్లో పెట్టుకుని ఏదో పాట మొదలుపెట్టాడు. ఎడమ కొసన అక్క, కుడి కొసన నేను. "ఊఁ" అంది అక్క. తిప్పాం. చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఒంటరి దొంగను ఆపడానికి చేసిన పెట్టె అది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారని దానికి ఎవరూ చెప్పలేదు.

కుట్టిన గౌన్లు పైన కప్పి, కింద నోట్ల కట్టలు పెట్టుకుని, రోజుకు కొంత చొప్పున ఆ వారమంతా మోశాం. వెనక వరస కట్టలు ముందు తీసి, ముందు వరస ఆఖరికి ఉంచాం కాబట్టి, కింది అరల్లోని వీధి సొమ్ము మీదే కళ్లున్న బావకు తేడా తెలియలేదు. బ్యాంకులో డబ్బు తీసుకునే అతను కట్టల పట్టీలు చూసి, "ఇవి మావే కదమ్మా, ఇంకా విప్పనేలేదు!" అన్నాడు. ఊరు చూసొచ్చిన చుట్టాల్ని ఎదుర్కొన్నట్టే లోపలికి తీసుకున్నాడు. ఆఫీసరమ్మ మాత్రం కలం పట్టుకుని ఆగింది.

"సార్‌కు తెలుసా అండీ?"

"ఆయన తాళాలు చూసుకుంటారు," అంది అక్క. "డబ్బు నేను చూసుకుంటాను."

ఏడాది ఖర్చు చేతికందేలా ఖాతాలో వేసింది. మిగతాది సగం అక్కడ, సగం పోస్టాఫీసులో, ఏటా ఒకటి విప్పుకునేలా మడతలు పెట్టించింది. బావ సంతకం తేలేం కాబట్టి అన్నీ అక్క పేరు మీదే. నామినీ ఎవరని అడిగితే బావ పేరు చెప్పింది. అలా మా బావ తన డబ్బుకు తానే వారసుడయ్యాడు, ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలిసింది.

తెలియజేసింది కూడా అక్కే. పాలావిడ గిన్నెలో పాలు పోస్తుంటే దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అంది. "వదినా, నీకొక్కదానికే చెబుతున్నా, మనసులో పెట్టుకో. మా డబ్బు బ్యాంకులో వేసేశాం. ఈ పెట్టెలో ఎందుకులే అనిపించింది. ఎవరితోనూ అనకేం."

"అయ్యో, నేనెందుకంటాను," అంది పాలావిడ. పాలు కొలత కంటే ఎక్కువే పోసేసి, గబగబా వెళ్లిపోయింది.

మర్నాడు బావ ఇంకా పళ్లు తోముకుంటుండగానే తలుపు చప్పుడైంది. తెరిస్తే అరుగు నిండా జనం. మెట్ల మీద జనం. గేటు బయట ట్యూషన్ మాస్టారు గొడుగు పట్టుకుని, అందరికంటే ముందు వచ్చింది తానేనని ఎవరితోనో వాదిస్తున్నాడు. అందరి చేతుల్లోనూ ఇత్తడి బిళ్లలు.

"ఏంటిది? పొద్దున్నే?" అన్నాడు బావ.

"నా డబ్బా ఇచ్చెయ్యన్నయ్యా," అంది పాలావిడ. "వేరే ఏం లేదు. ఇంట్లో అవసరం పడింది."

"మాకూ అవసరం పడింది," అన్నారు వెనకవాళ్లు.

"అందరికీ ఒకేసారా?"

మాస్టారు గొడుగు ముడిచి ముందుకొచ్చాడు. "దాపరికం ఎందుకండీ. వండినవాడే తిననని లేచిపోతే విస్తరి ముందు మేమెందుకు కూర్చోవాలి? మీ డబ్బు మీరు బ్యాంకులో వేసుకుని, మా డబ్బు ఇక్కడ పెట్టించుకుంటారా?"

"నా డబ్బు బ్యాంకులోనా?" బావకు నవ్వొచ్చింది. "ఎవరు పుట్టించారయ్యా ఈ మాట? రండి లోపలికి. అందరూ రండి. మీ కళ్లతోనే చూద్దురు గానీ. ఏమే, ఇటు రా!"

అక్క వచ్చి ఎడమ కొసన నిలబడింది. నేను గోడకు అంటుకుపోయాను. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ తేలు నన్ను రెండుసార్లు కుట్టింది. తాళంచెవులు తిరిగాయి. బావ తలుపు బార్లా తెరిచి, చూడండంటూ చేయి చాపి, జనం మొహాలకేసి తిరిగి నిలబడ్డాడు.

అందరూ ఆయన భుజం మీదుగా లోపలికి చూస్తున్నారు.

అప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మొదటి అర తుడిచిపెట్టినట్టుంది. కింది మూడింటిలో వీధి సొమ్ము నిక్షేపంలా ఉంది.

కూలబడతాడనుకున్నాను. లేదు. మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు ఆనేంత దగ్గరగా ఎడమ తాళం చూశాడు. లేచి వెళ్లి కుడి తాళం చూశాడు. జేబులోంచి భూతద్దం తీసి మళ్లీ మొదటిది చూశాడు.

"ఒక్క గీత లేదు," అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. మహా పండితుణ్ణి చూసినవాడి గొంతు అది. "ఒక్క గీత కూడా లేదు! ఎవడు వీడు? ఎక్కడ నేర్చుకున్నాడు? ఎలా తీశాడు?"

"తాళంచెవితో తీశాను," అంది అక్క.

బావ ఆమెకేసి చూశాడు. ముప్పై ఏళ్లుగా తాళంచెవి లేని తాళాలే చూసిన మనిషి. ఆ దారి ఒకటుందని ఆయనకు తట్టనే లేదు.

"నీ దగ్గరున్నది ఒకటే కదా."

"రెండోది గూట్లో ఉంటుంది, మీరు నీళ్లు పోసుకునేటప్పుడు."

"రెండో మనిషి?"

గదిలో ఉన్నవాళ్లందరూ, ఎలా తెలిసిందో గానీ, నాకేసి చూశారు.

మధ్యాహ్నానికల్లా పెట్టె ఖాళీ అయింది. ఎవరి బిళ్ల వాళ్లిచ్చి, ఎవరి మూట వాళ్లు తీసుకెళ్లారు. ఒకటి కూడా తేడా రాలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు మాత్రం వెళ్తూ వెళ్తూ, మీ బ్యాంకులో వడ్డీ ఎంతిస్తున్నారని అక్కను మెల్లగా అడిగాడు.

నాలుగు రోజులు బావ అక్కతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చునే, నాతో చెప్పించేవాడు.

"మరదలా, మీ అక్కనడుగు. డబ్బు ఎక్కడుందట?"

"బ్యాంకులో, పోస్టాఫీసులో," అంది అక్క.

"ఉందట బావా," అన్నాను.

"ఉందా? ఉన్నట్టే ఉందా?"

"ఉన్నట్టే ఉంది."

"ఊఁ." కాసేపు పెట్టెకేసి చూశాడు. "నువ్వేనా కుడివైపు నిలబడింది?"

"నేనే."

"ఎలా తిరిగింది?"

"వెన్నలో కత్తి దిగినట్టు."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, నవ్వు దాచుకోలేకపోయాడు. "నూనె నేనే పోశాను మరి," అన్నాడు. "పనివాడన్నాక..."

ఇప్పుడు మా తలుపు ఎవరూ కొట్టడం లేదు. తాళాలు పోగొట్టుకున్నవాళ్లు పాత కొట్టు దగ్గరికి వెళ్తే, అన్న మానేశాడని కళ్లద్దాల షాపాయనే చెప్పి పంపించేస్తున్నాడట. పెట్టెను కదపడం మావల్ల కాలేదు. ముందుగదిలో అదే ఉంది, మేం వరండాలో ఉన్నాం.

ఐదో రోజు పొద్దున బావ తన మామూలు వేళకే లేచాడు. తల దువ్వుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. అక్క రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. నేను మెట్ల మీద కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. ఇద్దరూ చాలాసేపు వీధిలోకి చూశారు. సైకిలొకటి వెళ్లింది. కాసేపటికి అదే సైకిలు తిరిగి వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలే?" అన్నాడు బావ.

"ఏమీ చెయ్యొద్దు. దానికే కదండీ ఇంత ఖర్చు."

"పదేళ్లా?"

"పదేళ్లే."

బావ కుడిచేత్తో గ్లాసు అందుకున్నాడు. కాలుతున్న సంగతి ఆ వేళ్లకు తెలియదు కానీ పెదవులకు తెలిసింది. ఉలిక్కిపడితే కొంచెం చొక్కా మీద ఒలికింది.

"చల్లారనివ్వండి," అంది అక్క. "తొందరేముంది?"

తాళం ముందు కూర్చున్న మనిషి వెనక నిలబడి, త్వరగా, త్వరగా అనేవాళ్లే తప్ప, తొందరేముందన్నవాళ్లు ఆయన బతుకులో లేరు. కాసేపు అక్క మొహంకేసి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, అది చల్లారేదాకా ఊరుకున్నాడు.